తీపి చావని పొడి

లాకప్ గచ్చు మీద ఆకులమ్మను అలా కూర్చోబెట్టడం చూసేసరికి కారం మేడమ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. కింద ఒక పట్టా అయినా వేసిన పాపాన పోలేదు. ఎదురుగా బెంచీ మీద ఇద్దరు కానిస్టేబుళ్ళు మాత్రం అత్తారింటికి వచ్చిన కొత్తల్లుళ్ళలా కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

కారం అన్నది ఆమెకి కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, మందుల తనిఖీ శాఖలో తోటివాళ్ళు పెట్టింది. పద్దెనిమిదేళ్ళు ఆ శాఖలో నకిలీ మందులు పట్టుకుంది. పట్టుకున్న ప్రతి కేసునీ పైవాళ్ళు నీరుగారుస్తుంటే చూసి చూసి, ఒకరోజు రాజీనామా కాగితాన్ని పై అధికారి బల్ల మీద కొట్టి బయటికొచ్చేసింది. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్. ఆకులమ్మ కోడలు తెల్లారకుండానే వచ్చి తలుపు తట్టి, "మా అత్తయ్య చీమకి కూడా హాని చెయ్యదు మేడమ్" అని ఏడ్చింది.

టైము తొమ్మిదీ పది. సాయంత్రం నాలుగింటికి ఆకులమ్మను కోర్టులో నిలబెడతారు. నేరం, మందు పేరుతో మనిషిని చంపడం.

చనిపోయింది ఒక సిటీ బస్సు డ్రైవరు. నిన్న మధ్యాహ్నం ఒంటిగంటా యాభై అయిదుకి నడుపుతూ నడుపుతూనే చెమటలు కక్కాడు. కళ్ళు తిరుగుతున్నా బస్సును పక్కకి తీసి, హ్యాండ్‌బ్రేకు వేసి, అప్పుడు ఒరిగిపోయాడు. లోపలున్న నలభై మందిలో ఒక్కరికీ గీత పడలేదు. ఆస్పత్రిలో చూస్తే, డెబ్బైకి తగ్గకూడని రక్తంలో షుగరు ఇరవై నాలుగు. మూడు కాకుండానే ప్రాణం పోయింది. అతను ఆఖరుసారి మింగింది ఆకులమ్మ పేరున్న సీసాలోని పొడి. ఆమె దగ్గర పొడి తీసుకుని, సీసాల్లో పోసి అరవై మంది మీద పరీక్షిస్తున్న ఒక పరిశోధన కేంద్రం అతనికిచ్చింది.

"నీ పొడిలో ఏముంటుంది అమ్మా?" అని అడిగింది కారం మేడమ్, ఊచల ఇవతల తనూ గచ్చు మీదే చతికిలబడి.

"పొడపత్రి ఆకు, నేరేడు గింజ, మెంతులు, తిప్పతీగ. మా అమ్మ నేర్పినవి ఆ నాలుగే."

"షుగరును ఇరవై నాలుక్కి దించేంత బలం ఉందా దానికి?"

ఆకులమ్మ నవ్వలేక నవ్వింది. "నా మందు ఎద్దు తల్లీ, గుర్రం కాదు. మూడు నెలలు వాడి, పొద్దున్నే నడిస్తే నడుం రెండంగుళాలు తగ్గుతుంది. బీపీ, షుగరు, కొవ్వు కాస్త కాస్త దారికొస్తాయి. కూర్చుని తింటూ నా పొడి మింగితే నేనేం చెయ్యను?"

"ఆ కేంద్రానికి రెండో విడత పొడి ఎప్పుడు పంపావు?"

"పంపితే కదా! వానల్లో కోసిన ఆకులో నీళ్ళే తప్ప పస ఉండదు. రెండు నెలలు ఆగమని అక్కడి పెద్ద డాక్టరుకి చెప్పాను."

"పంపినట్టు రసీదు మీద నీ వేలిముద్ర ఉందంటున్నారు."

"మొదటిసారే రెండు కాయితాల మీద వేయించుకున్నారు. రెండోది ఖాళీగా ఉంది. ఇదెందుకు బాబూ అంటే, ఆఫీసు పద్ధతి అన్నారు. నాకు చదువు రాదు కదమ్మా."

ఖాళీ కాగితం మీద వేలిముద్ర! కారం మేడమ్ పళ్ళు పటపటా కొరికింది. చదువు రాని మనిషి దగ్గర ఎంత చదువుకున్నవాళ్ళయినా చేసే మొదటి పని ఇదే.

"నీ పొడి అవునో కాదో నువ్వెలా గుర్తుపడతావు?"

"నాలుకతో. చిటికెడు పొడి నాలుక మీద రుద్ది, రెండు నిమిషాలాగి పంచదార వేసుకుంటాను. పొడపత్రి గంటసేపు తీపిని చంపేస్తుంది. పంచదార ఇసుకలా తగిలితేనే సంచి మూతి కడతాను. తియ్యగా ఉంటే పారబోస్తాను. నలభై ఏళ్ళుగా ఒక్క సంచి కూడా రుచి చూడకుండా పంపలేదు."

"పోలీసులకి చెప్పావా ఈ మాట?"

"చెప్పాను. నవ్వారు."

కారం మేడమ్ లేచి నిలబడింది. బెంచీ మీద ఉన్న కొత్తల్లుళ్ళ వైపు చూసిన చూపుకి ఇద్దరూ కాళ్ళు వెనక్కి లాక్కున్నారు.

పదీ ఇరవైకి ఆమె డ్రైవరు ఇంట్లో ఉంది. రెండు గదులు, వెనక వంటిల్లు. డ్రైవరు భార్య కళ్ళు వాచి ఉన్నాయి కానీ మాట తడబడలేదు. తాను చెప్పకపోతే భర్త గురించి చెప్పేవాళ్ళు ఇంకెవరూ ఉండరని తెలిసిన మనిషిలా మాట్లాడింది.

"నిన్న పొడి ఎన్నింటికి వేసుకున్నారు చెల్లీ?"

"పన్నెండూ నలభైకి. అన్నానికి అరగంట ముందు వేసుకోవాలని చెప్పారు. ఒంటిగంటా పదికి వడ్డిద్దామనుకున్నాను. ఇంతలో డిపో నుంచి ఫోను. ఇంకో డ్రైవరు రాలేదు, నువ్వు రా అన్నారు. డబ్బాలో అన్నం పెట్టిచ్చాను. ఆ డబ్బా మూత తియ్యకుండానే తిరిగొచ్చింది అక్కా." అక్కడ మాత్రం ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"అంతకుముందు ఎప్పుడైనా అన్నం ఆలస్యమైందా?"

"ఎన్నోసార్లు. ఆయన ఉద్యోగమే అంత. మూడు నెలల్లో ఎప్పుడూ కళ్ళు కూడా తిరగలేదు."

కారం మేడమ్ వంటింటి అరుగు మీదికి వంగి చూసింది. ఒకే రకం సీసాలు రెండు. రెండింటి మీదా ఆకులమ్మ పేరు, పరిశోధన కేంద్రం ముద్ర. ఒకదాని అడుగున రెండు చెంచాల పొడి మిగిలి ఉంది. రెండోది పోయిన గురువారం తెచ్చుకున్నది, ముప్పాతిక నిండుగా ఉంది. రంగు ఒకటే. వాసనా ఇంచుమించు ఒకటే. తేదీ చదివితే తప్ప ఏది ఏదో తెలియదు.

"కొత్త సీసా మొదలుపెట్టాక ఏమైనా తేడా కనిపించిందా?"

"ఏం లేదక్కా." ఆమె కాసేపు ఆలోచించి, అంత దుఃఖంలోనూ చిన్నగా నవ్వింది. "టీ ఒక్కటే. మూడు నెలలుగా పొడి వేసుకున్నాక టీ ఇస్తే, ఇదేం టీ, గోడకి కొట్టిన సున్నంలా ఉందని నన్ను తిట్టేవారు. నేను అరచెంచా పంచదార వేస్తూనే ఉన్నాను. పోయిన వారం నుంచి మాత్రం, ఇన్నాళ్ళకి నీ చేతి టీ రుచిగా ఉందే అని రెండోసారి అడిగి తాగారు. ఎంత సంబరపడిపోయారో."

కారం మేడమ్ కొత్త సీసా వైపు తిరిగి చూసింది. మొగుడు మెచ్చుకున్న ఆ టీయే అతను చావుకి దగ్గరవుతున్నాడని చెప్పిన మొదటి గుర్తని ఈ పిల్లకి ఎలా చెప్పడం? ఇప్పుడు చెప్పలేదు.

"పడిపోయారని తెలిశాక ఎవరికి ఫోను చేశావు?"

"పెద్ద డాక్టరుగారికి. రెండూ నలభై అయిదుకి. బస్సులో పడిపోయారట, గుండెపోటేమో అన్నాను. సరే అని పెట్టేశారు. తర్వాత ఈయన ఫోనుకి ఈ మెసేజ్ వచ్చింది. నేను పొద్దునే చూశాను."

ఫోను అందుకుని కారం మేడమ్ చదివింది. టైము రెండూ యాభై. కేంద్రం నుంచి పొడి తీసుకునే అరవై మందికీ ఒకేసారి వెళ్ళిన మెసేజ్. పొడి వెంటనే ఆపండి, పంచదార దగ్గర ఉంచుకోండి. అంతే ఉంది. ఆమె రెండుసార్లు చదివి, దాని ఫోటో తీసుకుంది.

అప్పుడే వాకిట్లో బూట్ల చప్పుడు. ఇన్‌స్పెక్టర్. ఏ కేసునైనా ఇరవై నాలుగు గంటల్లో మూసెయ్యాలన్న ఆత్రం వల్ల అతన్ని స్టేషన్లో అందరూ తొందరయ్య అంటారు. ఆ సంగతి అతనికి తప్ప ఊరందరికీ తెలుసు.

"మేడమ్‌గారు ముందే వేంచేశారే! ఆ సీసాలు ముట్టుకోకండి. సాక్ష్యం."

"నిన్న మూడింటి నుంచి ఈ ఇంట్లోనే ఉన్నాయి కదండీ సాక్ష్యాలు. ఇప్పుడా గుర్తొచ్చింది?"

"నాటుమందు తిన్నాడు, పోయాడు. సంతకం లాంటి వేలిముద్ర ఉంది. నిప్పు లేనిదే పొగ రాదు మేడమ్. ఇందులో పరిశోధన చెయ్యడానికేముంది?"

"నాటుమందు అనడానికి మీకు నోరెలా వచ్చిందండీ? అదే పొడి మీద అద్దాల మేడ కట్టి, అరవై మందిని చేర్చుకుని, పేపర్లో ఫోటోలు వేయించుకున్నప్పుడు అది పరిశోధన! మనిషి పోగానే ముసలమ్మ నాటుమందా? మంచైతే మాది, చెడైతే నీదనా?"

"అరవకండి. చావు ఇల్లు."

"చావు ఇల్లు కాబట్టే అరుస్తున్నాను. పోయినవాడికి న్యాయం చెయ్యాల్సింది మీరు. చెల్లీ, కాస్త పంచదార తీసుకురామ్మా. ఇన్‌స్పెక్టర్‌గారూ, నాలుక చాపండి."

"ఏంటీ?"

"కొత్త సీసాలోది చిటికెడు. మింగకండి, రెండు నిమిషాలుంచి ఉమ్మేసి, నోరు కడుక్కుని పంచదార వేసుకోండి. నేనూ వేసుకుంటాను. భయమైతే వద్దులెండి."

భయమన్న మాట పడ్డాక ఏ పోలీసు వెనక్కి తగ్గుతాడు? తొందరయ్య మొహం చిట్లించి, చేదుకి భుజాలు ఎగరేసి, రెండు నిమిషాలు గోడగడియారం వైపు చూస్తూ నిలబడి, ఉమ్మి, పుక్కిలించి, పంచదార నోట్లో వేసుకున్నాడు.

"తియ్యగానే ఉంది. పంచదార తియ్యగా ఉండక కారంగా ఉంటుందా?"

"ఇప్పుడు పాత సీసాలోది."

మళ్ళీ అదే తతంగం. ఈసారి పంచదార నోట్లో వేసుకున్న తొందరయ్య నమలడం ఆపేశాడు. ఇంకో చెంచా వేసుకున్నాడు. డబ్బా తన దగ్గరికి లాక్కుని అందులోది నిజంగా పంచదారేనా అని వేలితో కెలికి చూశాడు. అతని మొహం చూస్తే ఇంకో సమయంలోనైతే పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చేది.

"ఇసుకలా ఉంది," అన్నాడు నెమ్మదిగా.

"అదీ ఆకులమ్మ పొడి. కొత్త సీసాలో ఉన్నది ఆవిడది కాదు. రంగు కుదిరింది, చేదు కుదిరింది, పేరు అంటించారు. నాలుక మీద పెట్టి చూడాలన్న జ్ఞానం మాత్రం లేకపోయింది. మిషన్లని నమ్మేవాడికి నాలుక ఎందుకు గుర్తొస్తుంది?"

పక్కన నిలబడ్డ డ్రైవరు భార్య గోడ పట్టుకుంది. టీ సంగతి ఆమెకి ఇప్పుడు అర్థమైంది. కారం మేడమ్ ఆమె భుజం మీద చెయ్యి వేసి కుర్చీలో కూర్చోబెట్టింది.

తొందరయ్య మింగలేక కక్కలేక రెండు సీసాలనూ తీసుకెళ్ళి వాకిట్లో ఉన్న కానిస్టేబుల్ చేతికిచ్చాడు. "స్టేషన్‌కి పట్టుకెళ్ళు. పన్నెండింటికి విలేకరులు వస్తారు, వాళ్ళకి చూపించాలి. మా ఎస్సై చూసుకుంటాడు."

"సీలు వేసి పంపండి."

"అక్కడ వేస్తారు లెండి. నాలుక రుచి కోర్టులో చెల్లదు మేడమ్. పదండి, ఆ డాక్టరుగారి దగ్గరే తేల్చుకుందాం. ఆయనే మీ నోరు మూయిస్తారు."

పరిశోధన కేంద్రం చేరేసరికి పన్నెండుంపావు అయింది. పెద్ద డాక్టరు గది గోడ నిండా అరవై మంది లెక్కల పటాలు. నడుం చుట్టుకొలత, బీపీ, షుగరు, రక్తంలో కొవ్వు. ఈ నాలుగూ కలిసి ఒక ఒంట్లో చేరితే దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారని, నలుగురు దొంగలు ఒకే ఇంట్లో దూరడం లాంటిదని, తన మందు నలుగురినీ ఒకేసారి తరుముతుందని ఆయన నాలుగు ముక్కల్లో వివరించాడు. తన మందు అన్నాడు. ఆకులమ్మ పేరు ఎత్తలేదు.

"మందు మీదైతే లాకప్‌లో మీరుండాలి కదా డాక్టరుగారూ?"

"ముడిసరుకు ఆవిడది. అందులో ఆవిడ ఏం కలిపిందో నాకెలా తెలుస్తుంది?"

"ఆకులమ్మ రెండు నెలలు ఆగమంది. మీరెందుకు ఆగలేదు?"

"ఆగకపోవడమేంటి? పంపింది. రసీదుంది."

"పై నెలలో పెద్ద సదస్సుందని గుమ్మం దగ్గర బోర్డు పెట్టారు కదా. ఈ పటాలన్నీ అక్కడ చూపించాలి. అవునా?"

"ఉంటే?"

కారం మేడమ్ పటం దగ్గరికి వెళ్ళింది. మూడు నెలల పాటు నాలుగు గీతలూ పక్కపక్కనే నింపాదిగా దిగుతున్నాయి. ఆఖరి వారంలో ఒక్క గీత బావిలో పడ్డట్టు పడింది. మిగతా మూడూ కదల్లేదు.

"పోయిన గురువారం నుంచి నలుగురు దొంగల్లో ఒక్కడే పారిపోయాడేంటండీ? ఆకులమ్మ మందైతే నాలుగూ కొంచెం కొంచెం దిగాలి. షుగరు ఒక్కటే ఇలా పడాలంటే అది ఆకు పని కాదు, మాత్ర పని. పద్దెనిమిదేళ్ళు ఇవే పట్టుకున్నాను నేను. చేదు ఆకేదో పొడి కొట్టించి, చవక షుగరు మాత్రలు నూరి కలిపారు. ఆకు తిన్నవాడికి అన్నం ఆలస్యమైతే ఆకలేస్తుంది. మాత్ర మింగినవాడికి ఆలస్యమైతే ప్రాణం పోతుంది. పోయింది."

"కట్టుకథలు!" డాక్టరు ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "ఏంటండీ ఇది? ఆ సీసాల్లో ఆకు తప్ప ఇంకేం లేదని ప్రమాణం చేసి చెప్తాను."

"మేడమ్, హద్దు దాటుతున్నారు," అన్నాడు తొందరయ్య. కానీ అతని గొంతులో పొద్దున్నటి బిగువు లేదు. నాలుక ఇంకా మొద్దుబారే ఉందేమో, పెదాలు తడుపుకుంటున్నాడు.

"ఒక్క ప్రశ్న. ఆస్పత్రి వాళ్ళు షుగరు పడిపోయిందన్న సంగతి మీకు ఎన్నింటికి చెప్పారు ఇన్‌స్పెక్టర్‌గారూ?"

"మూడున్నరకి. మాకే మొదట చెప్పారు."

"డ్రైవరు భార్య ఈయనకి రెండూ నలభై అయిదుకి గుండెపోటేమో అని చెప్పింది. రెండూ యాభైకి ఈయన అరవై మందికీ మెసేజ్ పెట్టారు. చదవండి." ఆమె ఫోను తొందరయ్య మొహం ముందు పెట్టింది. "గుండెపోటు వచ్చినవాడి గురించి వింటే, పంచదార దగ్గర ఉంచుకోండని మిగతావాళ్ళకి ఎందుకు చెప్తారు? సీసాలో ఏముందో తెలిసినవాడే చెప్తాడు!"

తొందరయ్య చదివాడు. మళ్ళీ చదివాడు. డాక్టరు రుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"అది మామూలు జాగ్రత్త. ఏ డాక్టరైనా చెప్తాడు. ఆ సీసాల్లో ఆకు తప్ప ఏం లేదు. కోర్టులో కూడా ఇదే చెప్తాను."

"చెప్తారు. అరవై మందినీ కాపాడుకోవడానికి అయిదు నిమిషాలు పట్టింది మీకు. ఒక ముసలమ్మని జైల్లో తోయడానికి అదీ పట్టలేదు. సిగ్గుండాలి! ఆవిడ నలభై ఏళ్ళు ప్రతి సంచీ తన నాలుక మీద పెట్టుకుంది. మీరు ఒక్క సీసా అయినా పెట్టుకున్నారా?"

ఒంటిగంటకి పది నిమిషాలు తక్కువ. తొందరయ్య ఫోను మోగింది. స్టేషన్ నుంచి కానిస్టేబుల్. కంగారులో మీట ఎక్కడ నొక్కాడో, అవతలి గొంతు గదంతా వినిపించింది.

"సార్, విలేకరులు ముసలమ్మని విషం అమ్ముతావా అని అడిగారు సార్. ఆవిడకి రోషం వచ్చింది. నేను మొదటిసారి ఇచ్చిన పొడి ఉన్న సీసా తీసుకురండి, మీ ముందే తిని చూపిస్తా అంది. ఎస్సైగారు ఇచ్చెయ్యమన్నారు. తినేసింది సార్."

"ఏ సీసా ఇచ్చావురా?" తొందరయ్య గొంతు కీచుగా వచ్చింది.

"రెండూ ఒకలాగే ఉన్నాయి కద సార్. మొదటిదేనా నాయనా అని ఆవిడ అడిగింది. ఏదైతే ఏంటి, పొడి పొడే కదా అని నిండుగా ఉన్నది ఇచ్చాను. బాగానే ఉంది సార్ మొన్నటిదాకా... అదే, ఇందాకటిదాకా. ఇప్పుడు చెమటలు కారిపోతున్నాయి. మాట ముద్దముద్దగా వస్తోంది. నిన్నటి నుంచి ఆవిడ అన్నం ముట్టలేదు సార్."

కారం మేడమ్ ఫోను లాక్కోవడానికి చెయ్యి చాచింది. ఆమె కన్నా ముందు వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

"ఎన్ని చెంచాలు?"

ఇద్దరూ వెనక్కి తిరిగారు. పెద్ద డాక్టరు కుర్చీలోంచి సగం లేచి నిలబడి ఉన్నాడు. అడిగేశాక గానీ తాను ఏం అడిగాడో ఆయనకి తెలియలేదు. కళ్ళజోడు చేతిలోంచి జారి బల్ల మీద పడింది.

"ఆకు అయితే ఎన్ని చెంచాలైతే ఏంటి డాక్టరుగారూ?" అన్నాడు తొందరయ్య. జీవితంలో మొదటిసారి అతను ఒక మాట నిదానంగా అన్నాడు.

"నాలుగు సార్," అంది ఫోను.

డాక్టరు కూలబడ్డాడు. "చెంచాకి రెండు మాత్రలు," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఎనిమిది. ఆ వయసులో, ఖాళీ కడుపున... పంచదార చాలదు. ఒకసారి లేచినా మళ్ళీ పడిపోతుంది. నరంలోకి గ్లూకోజు ఎక్కించాలి. రేపు ఈ వేళ దాకా ఆపకూడదు."

అప్పటికే ఫోను కారం మేడమ్ చేతిలో ఉంది. "అంబులెన్సుని పిలువు! గ్లూకోజు ఎక్కించాలని చెప్పు! అది వచ్చేలోపు మాట్లాడిస్తూ ఉండు, తెలివి ఉంటే పంచదార నీళ్ళు పట్టు. వింటున్నావా?"

"పట్టాను మేడమ్." కానిస్టేబుల్ ఏడుస్తున్నాడు. "పెదాల పక్కనుంచి కారిపోతున్నాయి మేడమ్. ఆవిడ మింగట్లేదు."